గోగునారతో షుయే తావ్ కాగితం: ఒక చైనా గణిక కొలత ప్రకారం ఇంట్లో చేసుకునే పద్ధతి

కాగితం చేయబోయే ముందు, దాని మీద రాయదలచిన పద్యంలో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టుకోవాలి. ఈ మాట తలకిందులుగా తోచవచ్చు గాని, పన్నెండు వందల ఏళ్ల కిందట చైనాలోని చెంగ్డూ నగరంలో షుయే తావ్ అనే గణిక చేసిన పని ఇదే. అక్కడ దొరికే కాగితాలు ఆమె రాసే పొట్టి పద్యాలకు మరీ పెద్దవి. నాలుగు పాదాలు రాసిన తరువాత కూడా చాలా మేర బోసిగా మిగిలిపోయేది. అందువల్ల ఆమె కాగితపు పనివారికి చెప్పి, తన పద్యానికి సరిపడే చిన్న కాగితాలను, వాటికి ఎర్రని ఛాయ పట్టించి, ప్రత్యేకంగా చేయించుకుంది. ఆమె పద్యాల సంపుటి కాలగర్భంలో కలిసిపోయింది గాని, ఆ చిన్న ఎర్ర కాగితాన్ని మాత్రం చైనాలో నేటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు.

అటువంటి కాగితాన్ని గుంటూరులో, మా బ్రాడీపేట ఇంటి డాబా మీద, చాలా వరకు రైతుబజారు సరుకుతోనే చేయవచ్చునని రెండు శీతకాలాల ప్రయత్నంలో నేను తెలుసుకున్నాను. ఆ పద్ధతిని, పాడుచేసుకున్న సందర్భాలతో సహా, ఇక్కడ వివరిస్తున్నాను. ముఖ్యంగా కావలసినవి మూడు మొక్కలు: నారకు గోగు, రంగుకు మందార, జిగురుకు బెండ. మూడూ ఒకే కుటుంబపు మొక్కలు. చెంగ్డూ కాగితానికి పేరు తెచ్చిన మొక్క కూడా ఆ కుటుంబంలోనిదే. కార్తీక మాసం నుంచి సంక్రాంతి వరకు ఈ పనికి అనువైన కాలం, ఎందుకంటే అప్పటికి గోగు కాడలు ముదిరి, ఎర్ర గోంగూర కాయలు కట్టి, ఎండ కూడా కాగితాన్ని చుట్ట చుట్టుకుపోయేలా చేయనంత మెత్తగా ఉంటుంది. ఖాళీ దొరికిన సమయాల్లో చేసుకుంటే మొత్తం పనికి ఒక వారం పడుతుంది.

గణిక అన్న మాట గురించి

షుయే తావ్ 768 ప్రాంతంలో పుట్టి 831 ప్రాంతంలో మరణించింది. చైనాను తాంగ్ వంశం ఏలుతున్న కాలమది. మనకు తెలిసిన గుర్తుతో చెప్పాలంటే, 639 ప్రాంతంలో మన ధాన్యకటకానికి వచ్చిన హుయాన్‌త్సాంగ్ అదే వంశపు తొలి రోజులవాడు. ఆయన భిక్షువుగా పూర్తి దీక్ష తీసుకున్నది 622లో, ఈ చెంగ్డూలోనే. షుయే తావ్ తండ్రి ఒక చిన్న ఉద్యోగి. రాజధాని చాంగాన్ నుంచి కుటుంబంతో చెంగ్డూకు వచ్చి, కూతురు ఇంకా చిన్నదిగా ఉండగానే చనిపోయాడు. ఆధారం లేని ఆ పిల్ల యుక్తవయసులో ప్రభుత్వ గణికల పట్టీలో చేరింది.

ఇటువంటి స్త్రీల గురించి రాసేటప్పుడు మనవారు వేశ్య అన్న ఒక్క మాటతో తేల్చివేయడమో, ఆ మాటకు జంకి రాజనర్తకి అని ముసుగు వేయడమో చూస్తుంటాము. నా దృష్టిలో రెండూ సరికావు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో గణికాధ్యక్షుడనే అధికారి ఉన్నాడు. గణికలకు కళలు నేర్పించడం, జీతం నిర్ణయించడం, విడుదలకు వెల కట్టడం అన్నీ రాజ్యం పనులే. తాంగ్ చైనాలోని పద్ధతి దీనికి చాలా దగ్గరగా ఉంటుంది గనుక గణిక అన్న మాటే ఇక్కడ సరిపోతుంది. ఆమె పేరు ప్రాంతీయ పాలకుడి కార్యాలయపు పట్టీలో ఉంటుంది. విందు జరిగినప్పుడు పాడాలి, మధువు పోయాలి, అతిథి అడిగిన వస్తువు మీద ఆశువుగా పద్యం చెప్పాలి, పద్యపు పందాల్లో తీర్పరిగా ఉండాలి. వెళ్లిపోదామనుకుంటే వెళ్లే స్వేచ్ఛ లేదు. ఆమె ప్రతిభను తలచుకుని ముచ్చటపడేవారు ఈ చివరి వాక్యాన్ని మరచిపోకూడదు.

ప్రతిభ మాత్రం చిన్ననాటిదే. ఎనిమిదో తొమ్మిదో ఏళ్ల వయసులో ఉండగా, తండ్రి పెరట్లోని ముసలి చెట్టును చూపించి, దాని మాను మబ్బుల్లోకి పోయిందని రెండు పాదాలు చెప్పి పూరించమన్నాడట. అవధానాలు చూసిన మనకు ఈ ఆట కొత్తది కాదు. కొమ్మలు ఉత్తరపు పక్షినీ దక్షిణపు పక్షినీ ఆహ్వానిస్తాయి, ఆకులు వచ్చే గాలినీ పోయే గాలినీ సాగనంపుతాయి అన్న అర్థంతో పిల్ల వెంటనే పూరించింది. తండ్రి సంతోషించవలసింది పోయి దిగులుపడ్డాడని, వచ్చిపోయే వారిని ఆదరించే బతుకు ఆమె నుదుట రాసి ఉందని ఆ మాటల్లో విన్నాడని కథ చెబుతారు. ఆమె బతుకు తెలిసిన తరువాత ఎవరో అల్లిన కథ కావచ్చునని నా అనుమానం గాని, పూరణ మాత్రం చక్కనిది.

785 నుంచి 805 వరకు ఆ ప్రాంతాన్ని పాలించిన సేనాధిపతి వేయ్ గావ్ ఆమెను ఆదరించాడు. ప్రభుత్వ గ్రంథాలను పరిష్కరించే ఉద్యోగి పదవిని ఆమెకు ఇప్పించాలని ఆయన తలపెట్టినట్టు చెబుతారు. పదవి రాలేదు గాని ఆ బిరుదు ఆమెకు అంటుకుని, తరువాతి కాలంలో చైనాలో చదువుకున్న గణికలందరికీ గౌరవ వాచకమైంది. ఆ వేయ్ గావే ఒకసారి కోపగించి ఆమెను సోంగ్‌జౌ అనే సరిహద్దు సైనిక స్థావరానికి పంపివేశాడు. అప్పుడు ఆమె పంపిందని చెప్పే పది పద్యాలలో కుక్క యజమానిని, కలం చేతిని, గుర్రం సాలను, చిలుక పంజరాన్ని, చేప చెరువును, అద్దం తన పీటను ఎడబాసినట్టు ఒక్కొక్క ఎడబాటును ఒక్కొక్క పద్యంలో వర్ణించింది. ఆమెను వెనక్కి పిలిపించారు. ఆ పద్యాలు నాకు అంతగా నచ్చవు. ప్రాణభయంతో రాసిన వాటిలో తనను తాను తగ్గించుకోవడం ఎక్కువ. తిరిగి వచ్చాక పట్టీ నుంచి పేరు తీయించుకుని, ఊరికి పడమర హువాన్‌హువా వాగు ఒడ్డున ఇల్లు తీసుకుంది. వాగు పేరుకు అర్థం పూలు కడిగే వాగు. అది కాగితపు పనివారి పేట. కొన్ని దశాబ్దాల ముందు దూ ఫూ మహాకవి గుడిసె వేసుకుని ఉన్నది కూడా ఆ వాగు పక్కనే. మన కాగితం కథ ఇక్కడ మొదలవుతుంది.

కొలత, చట్రం

ఆమె ఎక్కువగా రాసిన పద్యరూపంలో నాలుగు పాదాలుంటాయి; పాదానికి ఐదు గాని ఏడు గాని అక్షరాలు. అంటే పద్యమంతా 20 లేదా 28 అక్షరాలు. మన ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాలకు మూడేసి సూర్యగణాలు, రెండేసి ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాలకు ఐదేసి సూర్యగణాలు. ఆ లెక్కన పద్యం 44 అక్షరాలకు తగ్గదు, 64కు మించదు. పెద్ద పాదంలో 17 అక్షరాలకు మించి ఉండవు. అక్షరానికి సెంటీమీటరు చొప్పున వేసుకుని, రెండు పక్కలా అంచు వదిలితే పొడవు 22 సెంటీమీటర్లు చాలు. ఎత్తు విషయంలో మన లిపికి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయని గుర్తుంచుకోవాలి. చైనా అక్షరం చదరపు గడిలో ఇమిడిపోతుంది గాని మన ‘ప్పు’ గడి దాటి కిందికి వేలాడుతుంది. పాదానికి రెండు సెంటీమీటర్లు, పైనా కిందా అంచులు కలిపి 11 సెంటీమీటర్లు పెట్టుకోవాలి. సీసపద్యం రాయదలచినవారు ఈ పని పెట్టుకోకపోవడం మంచిది.

చట్రానికి లోపలి కొలత ఇదే, 22 బై 11. శుభలేఖలు అచ్చు వేసే స్క్రీన్ ప్రింటింగ్ షాపులో పారేసే చెక్క ఫ్రేములు రెండు అడిగి తెచ్చుకుని, వడ్రంగి చేత ఈ కొలతకు కోయించి బిగించుకోవచ్చు. ఒక చట్రానికి కిటికీలకు వేసే దోమల జాలీని బిగువుగా లాగి మేకులు కొట్టాలి. రెండోది ఖాళీగా ఉంచి, కాగితపు అంచు నిలవడానికి మొదటిదాని మీద పెట్టాలి. దోమల జాలీ కన్నాలు కొంచెం పెద్దవి కాబట్టి దాని మీద పాత షిఫాన్ చీర ముక్కను తడిపి పరిస్తే నార జారిపోదు. ఫ్రేముకు ముందే ఉన్న సన్నని స్క్రీను మీదే చేసి చూశాను గాని నీళ్లు దిగడానికి చాలాసేపు పట్టి విసుగు పుట్టింది.

నార

1637లో వెలువడిన తన వృత్తివిద్యల గ్రంథంలో సోంగ్ యింగ్‌షింగ్ అనే పండితుడు షుయే తావ్ కాగితం గురించి రాశాడు. చెంగ్డూలో విరివిగా పెరిగే ఒక మందార జాతి చెట్టు ఉంది. దాని పువ్వు పొద్దున తెల్లగా విచ్చి, మధ్యాహ్నానికి గులాబీ రంగుకు తిరిగి, సాయంత్రానికి ఎర్రబడుతుంది. ఆ చెట్టు బెరడును ఉడికించి గుజ్జు చేసి, ఆ పూల రసాన్నే అందులో కలుపుతారని, ఈ కాగితపు అందం రంగులో ఉంది గాని సరుకులో లేదని ఆయన అన్నాడు. ఆమె కాలానికి ఎనిమిది వందల ఏళ్ల తరువాతి మాట అయినా, చేతికి అందిన తయారీ విధానం ఇదే. అందం విషయంలో నేను ఆయనతో పూర్తిగా ఏకీభవించను. పూల రంగు కొన్నేళ్లకు వెలిసిపోతుంది, కొలత మాత్రం అలాగే ఉంటుంది.

ఆ చెట్టు మన దగ్గర అరుదు గనుక దాని దాయాది అయిన గోగును వాడుతున్నాము. గోగునారతో మనవారు తరతరాలుగా తాళ్లు పేనారు. కాగితానికి కూడా ఆ నార బాగా పనికివస్తుంది. రైతుబజారులో కట్టలుగా అమ్మే గోంగూర కాడలు లేతవి, వాటిలో నార ఉండదు. గింజకు వదిలేసిన ముదురు మొక్కలు కావాలి. చేల గట్ల మీద వేసే గోగు ఇందుకు సరిపోతుంది. మా పేటకు ఆకుకూరలు తెచ్చే ఆమెను ముదురు కాడలు ఒక మోపు తెచ్చి పెట్టమని అడిగితే, “ఆకు కావాలంటే తెస్తా గానీ మాస్టారూ, ఆ కాడలు మా గేదె కూడా ముట్టదండీ” అంది. తెచ్చిన తరువాత డబ్బు తీసుకోవడానికి కూడా మొహమాటపడింది. దుకాణంలో గోగునార అని అడిగితే చాలాసార్లు జనపనార చేతిలో పెడతారు. అది కూడా ఇదే కుటుంబపు మొక్క నుంచి వచ్చినదే అయినా కాగితం గరుకుగా వస్తుంది.

కాడల నుంచి పచ్చిగా ఉండగానే బెరడు ఒలిచి, కత్తి వెనుక వైపుతో పై తోలు గీకివేసి ఎండబెట్టాలి. ఎండిన నార 100 గ్రాములుంటే, చిరిగినవి పోను ఇరవై కాగితాలు తప్పకుండా వస్తాయి. దానిని వేలి కణుపంత ముక్కలుగా కత్తిరించి రాత్రంతా నానబెట్టి, పొద్దున మూడు లీటర్ల నీటిలో 20 గ్రాముల చాకలి సోడా కరిగించి, అందులో మూడు గంటలు సన్నని మంట మీద ఉడికించాలి. స్టీలు గిన్నె వాడాలి. అల్యూమినియం గిన్నెను సోడా తినేస్తుంది. డాబా మీదో పెరట్లోనో పొయ్యి పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే ఆ వాసన వంటింట్లో రెండు రోజులుంటుంది. చేతులకు తొడుగులు వేసుకోవాలి, పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు. ఒక పోగు తీసి గోటితో నిలువునా లాగితే దారాలుగా విడిపోవాలి. విడిపోకపోతే ఇంకో గంట ఉడకాలి.

తరువాతి పని కడగడం. గుడ్డలో మూటగట్టి ఆరేడు నీళ్లు మార్చి పిండాలి. సోడా పూర్తిగా పోయిందో లేదో తెలుసుకోవడానికి ఏ ఖరీదైన పరికరమూ అక్కరలేదు. పిండిన నీటిని ఒక తెల్ల గిన్నెలో పట్టి చిటికెడు దుగ్గిరాల పసుపు కలిపి చూడాలి. పసుపులో సున్నం పడితే పారాణి ఎందుకు ఎర్రబడుతుందో, సోడా మిగిలిన నీటిలో పసుపు కూడా అందుకే ఎర్రబడుతుంది. నీరు పసుప్పచ్చగానే నిలిచేదాకా కడగాలి. ఈ పరీక్షను అలక్ష్యం చేస్తే ఏమవుతుందో రంగు దగ్గర చెబుతాను.

కడిగిన నార లేత గోధుమ రంగులో ఉంటుంది. ఇంకా తెల్లగా కావాలంటే తడిగా ఉంచుతూ మూడు నాలుగు రోజులు ఎండలో పెట్టాలి. బ్లీచింగు పౌడరు వాడకూడదు, అది కొంచెం మిగిలినా పూల రంగును చంపేస్తుంది. మీ పక్క డాబా మీద మిరపకాయలు ఎండుతుంటే నారను గుడ్డ కప్పి ఉంచండి. గుంటూరులో ఈ జాగ్రత్త హాస్యానికి చెప్పినది కాదు.

దంచడం, ఎత్తడం

నారను రోట్లో వేసి కొయ్య రోకలితో ఒక గంట సేపు, కొంచెం కొంచెంగా నీళ్లు చిలకరిస్తూ దంచాలి. మిక్సీ వేస్తే ఐదు నిమిషాల పనే గాని, బ్లేడు నారను కోస్తుంది, రోకలి చీలుస్తుంది. చీలిన పోగులే ఒకదానినొకటి పట్టుకుని పలచని కాగితాన్ని చిరగకుండా నిలబెడతాయి. గాజు గ్లాసు నీటిలో చిటికెడు గుజ్జు వేసి కలిపినప్పుడు ఉండలు లేకుండా పొగమంచులా పరుచుకుంటే దంచడం చాలినట్టు.

ముందురాత్రే ఎనిమిది ముదురు బెండకాయలను చక్రాలుగా తరిగి లీటరు చల్లని నీటిలో వేసి ఉంచాలి. పొద్దుటికి తీగలు సాగే జిగురు వస్తుంది. దానిని గుడ్డలో వడగట్టుకోవాలి. దీనిని వేడి చేయకూడదు, మరుసటి రోజుకు దాచకూడదు. ఇది అంటించే జిగురు కాదు. నార పోగులు అడుక్కి దిగిపోకుండా నీటిలో తేలుతూ ఉండేటట్టు, జాలీలో నుంచి నీరు నెమ్మదిగా దిగేటట్టు చేయడమే దీని పని. తూర్పు ఆసియా పనివారు ఇందుకు బెండకు దగ్గరి చుట్టమైన ఒక మొక్క వేరును వాడతారు.

బట్టలు నానబెట్టే వెడల్పాటి టబ్బులో పది లీటర్ల నీరు పోసి, గుజ్జులో సగం, బెండ జిగురు సగం కలిపి చేత్తో బాగా కలియబెట్టాలి. చట్రాలు రెండూ జోడించి పట్టుకుని, మన వైపు నుంచి వాలుగా ముంచి, అడ్డంగా తిప్పి, నిదానంగా పైకి ఎత్తాలి. ఎత్తుతూనే ముందుకు వెనక్కు ఒకసారి, పక్కలకు ఒకసారి కదపాలి. ఆ క్షణంలో జాలీ మీద పలచని నీటి పొర అద్దంలా మెరుస్తూ ఉంటుంది. నీరు దిగుతున్నకొద్దీ ఒక మూల నుంచి ఆ మెరుపు తగ్గుతూ వచ్చి, కాగితమంతా ఒక్కసారిగా మసకబారుతుంది. మసకబారిన తరువాత చట్రాన్ని ఇక కదపకూడదు. మెరుపు ఉండగా మాత్రం ఎన్నిసార్లైనా సరిదిద్దుకోవచ్చు, నచ్చకపోతే బోర్లించి టబ్బులో కడిగేసుకోవచ్చు. నా మొదటి పది ఎత్తుల్లో ఏడు కడిగేసినవే.

పై చట్రం తీసివేసి, తడిపిన నూలు గుడ్డ మీద జాలీని బోర్లించి అదిమితే కాగితం గుడ్డకు దిగుతుంది. దాని మీద మరో గుడ్డ, దాని మీద మరో కాగితం, ఇలా దొంతర పేర్చి, రెండు చెక్కల మధ్య పెట్టి, పైన సన్నికల్లు గాని నాలుగైదు ఇటుకలు గాని రాత్రంతా ఉంచాలి. చైనా పనివారు మధ్యలో గుడ్డ లేకుండానే తడి కాగితాలను దొంతర పెట్టి తరువాత విడదీస్తారు; మనం ఆ సాహసం చేయనక్కరలేదు. మరునాడు ఒక్కొక్క కాగితాన్నీ కిటికీ అద్దానికి గాని నున్నని టైలుకు గాని మెత్తని బ్రష్షుతో అంటించి నీడపట్టున ఆరనివ్వాలి. అద్దానికి ఆనుకున్న ముఖమే నున్నగా ఉంటుంది, రాసేది ఆ వైపే.

రంగు

పూల రసాన్ని గుజ్జులోనే కలపమని పాత పద్ధతి. ఇంటి పనిలో అలా చేస్తే రంగులో ముప్పాతిక వంతు టబ్బు నీటికే పోతుంది. ఆరిన కాగితం మీద బ్రష్షుతో పూయడమే నయం. ఇరవై కాగితాలకు ముప్పై ఎర్ర ముద్దమందారాల రేకులు, గుప్పెడు ఎర్ర గోంగూర కాయల పై తొడిమల రేకులు చాలు. రెండింటినీ పావు లీటరు ఆర్వో నీటిలో వేసి, మరగనివ్వకుండా ఇరవై నిమిషాలు వేడిగా ఉంచి వడగట్టాలి. మందార రసం ఒక్కటే అయితే ఊదా రంగుకు పోతుంది. గోంగూర రేకుల పులుపు దానిని ఎరుపు మీద నిలుపుతుంది. నిమ్మరసం కూడా ఆ పని చేస్తుంది గాని గోంగూర తన వంతు రంగు కూడా ఇస్తుంది కదా! పులుపు ఎక్కువైతే కొన్నేళ్లకు కాగితం పెళుసెక్కుతుంది కాబట్టి గుప్పెడుకు మించి వేయకండి.

మొదటి ఏడు నేను బోరు నీళ్లు వాడాను, నారను కూడా మూడు నీళ్లతోనే కడిగి సరిపెట్టుకున్నాను. బ్రష్షు పెట్టినప్పుడు గులాబీ రంగులో ఉన్న కాగితం, నేను రెండోదానికి రంగు పూసేలోగా నేరేడుపండు తిన్న నాలుక రంగుకు తిరిగింది. మరునాటికి పద్దెనిమిది కాగితాలూ బూడిద రంగులో ఉన్నాయి. సోడా, సున్నపు నీరు రెండూ పూల రంగును అలా మారుస్తాయి. కాగితానికి నీరే ప్రాణమని చెంగ్డూవారికి బాగా తెలుసు. తరువాత మింగ్ వంశపు కాలంలో షుయే తావ్ కాగితాన్ని మళ్లీ చేయించినప్పుడు ఒక ప్రత్యేకమైన బావి నీటినే వాడారు. ఊరికి తూర్పున నది ఒడ్డునున్న ఆ బావికి ఇప్పుడు ఆమె పేరే ఉంది, చుట్టూ ఉన్న ఉద్యానవనమంతా ఆమెకు ఇష్టమైన వెదురు పొదలే.

ఒక పూత ఆరాక రెండో పూత వేయాలి. గోగునార సహజ రంగు వల్ల అచ్చమైన గులాబీ రాదు. కొత్త ఇటుక మీద వాన పడి ఆరినట్టు ఉంటుంది. నాకు అదే బాగుందనిపించింది. రంగు ఆరిన తరువాత, పలుచని అన్నం గంజిని వడగట్టి ఒక్క పూత వేయాలి. గంజి పట్టకపోతే సిరా పాకిపోతుంది. గంజి ఉన్న కాగితానికి పురుగు పట్టే అవకాశం ఉంది కాబట్టి దాచే పెట్టెలో ఎండు వేపాకు వేయండి, ఎండ తగలనివ్వకండి.

రాయడం, పంపడం

నల్లని ఇండియన్ ఇంకు, సన్నని గుండ్రటి బ్రష్షు ఈ కాగితానికి బాగుంటాయి. బాల్ పెన్ను గంజి పొరను గీస్తుంది. షుయే తావ్ చేతిరాతను పన్నెండో శతాబ్దపు తొలినాళ్లలో చక్రవర్తి సేకరణకు రాసిన పట్టికలో ప్రత్యేకంగా మెచ్చుకున్నారు; ఆమె కలంలో ఆడతనపు ఛాయ లేదని, గీతలో బలం ఉందని ఆ మెప్పు. మెచ్చుకునే తీరులోనే ఆ కాలపు చిన్నచూపు కనిపిస్తుంది. మనవైపు, గణికా కుటుంబంలో పుట్టి తంజావూరు ఆస్థానంలో కవయిత్రిగా వెలిగిన ముద్దుపళని కావ్యాన్ని 1910లో బెంగళూరు నాగరత్నమ్మ పరిష్కరించి అచ్చు వేయించినప్పుడు ఎంత రచ్చ జరిగి నిషేధం దాకా వెళ్లిందో తెలిసినవారికి ఈ ధోరణి పరిచితమే.

ఏమి రాయాలన్నది మీ ఇష్టం. చిన్న కాగితం కదా అని ప్రేమ కవిత్వమే రాయనక్కరలేదు. పూలు పూసినప్పుడు కలిసి చూడలేకపోయాము, రాలినప్పుడు కలిసి బాధపడలేకపోయాము అని మొదలయ్యే ఆమె 20 అక్షరాల పద్యం ఎంత ప్రసిద్ధమో, చివరి రోజుల్లో ఒక సరిహద్దు బురుజు మీద రాసిన పద్యం కూడా అంతే ప్రసిద్ధం. నలభై మండలాలను చూసే ఆ ఎత్తైన బురుజు నుంచి, గిరిజనుల గుర్రాలకు ఆశపడవద్దని, ఆశపడితే ఆ పై అంతస్తు నుంచే యుద్ధభూమి కనిపిస్తుందని సేనానులను హెచ్చరించింది. అరవై దాటిన ఒకప్పటి గణిక సైన్యాధికారులతో ఆ మాట అనడానికి కావలసి వచ్చినది 28 అక్షరాలు. పాత గ్రంథాల పట్టికలో పేరున్న సంపుటిలోని నాలుగైదు వందల పద్యాలలో ఇప్పటికి మిగిలినవి సుమారు తొంభై. వాటిలో ఇది ఉండడం మన అదృష్టం.

ఈ కాగితాలు ఆమె దాచుకోవడానికి చేయించుకున్నవి కావు. యువాన్ జెన్, బాయ్ జూయీ వంటి కవులకు ఆమె పద్యాలు వెళ్లేవి, వారి దగ్గర నుంచి పద్యాలు వచ్చేవి. ఆమె రాత చూసి కవులెందరో కలం పక్కన పెట్టేశారని యువాన్ జెన్ ఒక పద్యంలో రాశాడు. వచ్చిన పద్యం ప్రాసతోనే జవాబు రాయడం అక్కడి మర్యాద. అందువల్ల కాగితాలను జతలుగా ఉంచుకోవాలి: ఒకే ఎత్తు గుజ్జులోవి, ఒకే పూత రంగువి. ఒకదాని మీద మీ ఆటవెలది రాసి, ఒత్తుల దగ్గర సిరా పూర్తిగా ఆరేదాకా పావుగంట ఆగండి. నున్నని వైపు లోపలికి వచ్చేలా నిలువునా ఒక్క మడత మాత్రమే పెట్టండి. రెండో మడత దగ్గర గోగునార విరుగుతుంది. రెండో కాగితాన్ని మడవకుండా ఖాళీగా ఒక అట్టముక్కకు ఆనించి, రెండింటినీ ఒకే కవరులో పెట్టి, జవాబు దాని మీదే రాసి పంపమని కవరు వెనుక పెన్సిలుతో రాయండి.